అష్టమినాటి కృతజ్ఞత కూటం

ఆ రోజుల్లో దేవుని రాజ్యం గురించి నాకు తెలియని సంగతంటూ లేదు. అది ఎప్పుడొస్తుంది, ఎక్కడుంటుంది, ఇప్పటికే వచ్చేసిందా, సగం వచ్చి సగం దారిలో ఉందా, ఎవరు ఏమడిగినా తడుముకోకుండా చెప్పేవాణ్ణి. తెలియనిదల్లా ఆదివారం మధ్యాహ్నాన్ని ఎలా గడపాలన్నదే. ఉద్యోగం కోల్‌కతాలో వచ్చింది. సెక్టర్ ఫైవ్‌లో ఆఫీసు, కేష్టోపూర్‌లో మేడమీద ఒక గదీ, ఒక వంటిల్లూ. సోమవారం నుంచి శుక్రవారం దాకా కంప్యూటరు నన్ను చూసుకునేది. శనాదివారాలే కదలకుండా కూర్చునేవి. మా ఊరు తెనాలి పక్కన (అక్కడ మనిషి ఒంటరిగా ఉండాలంటే తలుపు వేసుకోవాలి, వేసుకుంటే ఒంట్లో బాగాలేదేమోనని నలుగురొచ్చి తలుపు బాదుతారు). ఇక్కడ తలుపు తీసి పెట్టినా పిల్లి కూడా తొంగిచూసేది కాదు. కింద ఇల్లుగలావిడ ఒక్కర్తే ఉండేది. మాసీమా, అంటే పిన్నీ, అని పిలవమంది గాని పిలిచే అవసరమే రాలేదు. ఏడాది పొడుగునా మా సంభాషణంతా నీళ్ల మోటారు మీదా, వీధి గేటు మీదా నడిచింది. నేను లోపలికి వస్తుంటే "గేట్ బొంధో కొరో" అనేది, బయటికి పోతుంటే కూడా "గేట్ బొంధో కొరో" అనేది. మూసేవాణ్ణి. ఆవిడ సంతోషం ఆవిడది.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసేది. ఫోన్ మోగగానే నేను చేసే మొదటి పని టీవీ పెట్టి సౌండు పెంచడం. వెనక నలుగురు మాట్లాడుకుంటున్నట్టు, నవ్వుకుంటున్నట్టు వినిపించాలి. "ఎవర్రా, అంత గోల?" అని అమ్మ అడిగితే, "ఫ్రెండ్స్ అమ్మా, ఊరికే వచ్చారు" అనేవాణ్ణి. "తిన్నారా వాళ్లు?" అనేది. "తింటున్నారమ్మా" అనేవాణ్ణి. ఫోన్ పెట్టేసి, టీవీ కట్టేసి, ఆ ఫ్రెండ్స్ అందరి బదులూ నేనొక్కణ్ణే మేగీ తినేవాణ్ణి. ఈ నాటకం రక్తి కట్టిందని నాకు గట్టి నమ్మకం. ఒకసారి పొరపాటున వార్తల ఛానెల్ పెట్టాను. "మీ ఫ్రెండ్స్ తుఫాను గురించి భలే మాట్లాడుతున్నారే" అంది అమ్మ. అప్పటి నుంచి హాస్య కార్యక్రమాలే పెట్టేవాణ్ణి.

ఆదివారాలు మాత్రం బస్సెక్కేవాణ్ణి. ఎక్కడికీ కాదు. కరుణామయి బస్టాండులో ఎక్కి, ఖిదిర్‌పూర్ దాకా వెళ్లి, టీ తాగి, అదే బస్సులో వెనక్కి. ఆ ఊళ్లో నా పక్కన ఎవరైనా కూర్చునే చోటు అదొక్కటే. (ఆఫీసులో పక్కనున్నవాడు చెవుల్లో యంత్రాలు పెట్టుకుని కూర్చుంటాడు, అది లెక్కలోకి రాదు.) అలా ఒక ఆదివారం వెళుతుంటే కండక్టరుకీ ఒకావిడకీ తగువు మొదలైంది. బస్సులో నడిచే దారికి అడ్డంగా ఆవిడ పెట్టిన పెద్ద అల్యూమినియం డేగిసా ఉంది, పెళ్లిళ్లలో పలావు వండే సైజుది. దాన్ని వెనక్కి తీసుకుపొమ్మంటాడు కండక్టరు. ఆవిడ హిందీ, బెంగాలీ కలిపి రుబ్బి వాడి మీద పోసి, ఇటు తిరిగి, తనలో తాను అనుకున్నట్టు, "ఏటో ఈడి గోల. డేగిసా కూడా మడిసిలాగ కమ్మీ అట్టుకు నిలబడాలంటాడు" అంది.

ఆ ముక్క వినేసరికి నాకు ఏడుపొచ్చినంత పనైంది. "మీరు తెలుగువాళ్లా అండీ?" అన్నాను. "మరేటనుకున్నావు?" అంది ఆవిడ, నేనేదో తిట్టినట్టు. తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసి, "ఎక్కడికెల్తన్నావు బాబూ?" అంది.

"ఎక్కడికీ లేదండీ."

"ఎక్కడికీ లేకపోతే బస్సెందుకెక్కినావు? ఎవులబ్బాయివి? ఆదోరం పూట ప్రార్థనకెల్లవా?"

మా తాతగారు మా ఊరి చర్చిలో గంట కొట్టేవారని చెప్పాను. అంతే నేను చేసుకున్న పొరపాటు, లేక పుణ్యం. ఏక్‌బాల్‌పూర్ స్టాపు రాగానే ఆవిడ డేగిసా చెవి ఒకటి నా చేతిలో పెట్టి, రెండో చెవి తను పట్టుకుని, ఖాళీగా ఉన్న చేత్తో నా చొక్కా మోచేతి దగ్గర గుప్పిట్లో బిగించి బస్సు దింపేసింది. వస్తావా అని అడగలేదు. వస్తానని నేనూ అనలేదు. ఆ తర్వాత ఆవిణ్ణి అత్తా అని పిలిచాను, నా లోపల మాత్రం ఇప్పటికీ డేగిసా అత్తే.

ఆవిడ తీసుకెళ్లిన తెలుగు క్రైస్తవ సంఘం కూడేది పాత ఇంటి కింది భాగంలో ఒక పొడుగాటి హాల్లో. పొద్దున హిందీవాళ్లు ఆరాధన చేసుకుని వెళ్లాక, ఆ వేడి కుర్చీల్లోనే మావాళ్లు కూర్చునేవారు. మావాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి మునిసిపాలిటీ పనులకి వచ్చారు. వీధులూ, కాలవలూ, నీళ్లూ చూసుకున్నారు. మనవలకి తెలుగు నోటినిండా వచ్చు గాని, రాసిన తెలుగు చూస్తే జిలేబీలు చూసినట్టు చూసేవారు. అందుకని తెలుగు గడగడా చదవగలిగినవాడు దొరకడమే వాళ్లకో పండగైంది. వాక్యం చదవమన్నారు, చదివాను. వెనక నుంచి ఎవరో "అబ్బో, రేడియోలాగున్నాది" అన్నారు. ఇక నా తల తిరగడానికి ఇంకేం కావాలి? పాస్టరుగారు ఖరగ్‌పూర్ నుంచి వారం విడిచి వారం వచ్చేవారు. ఆయన రాని వారం బైబిలు స్టడీ నా నెత్తిన పడింది. నా నెత్తికి అది కిరీటంలాగే ఉంది.

సంఘ పెద్దని మైకు మావయ్య అనేవారు. డేగిసా అత్త భర్తే. మునిసిపాలిటీ చెత్త బండ్ల మీద జమాదారు చేసి రిటైరయ్యాడు. మైకు చేతికొస్తే తిరిగివ్వడం ఆయన పద్ధతి కాదు. ఆరాధన చివర ప్రకటనలు చెప్పడం ఆయన వంతు, ప్రకటనలు ఆరాధనంత సేపు సాగేవి. ఎవరికి జ్వరం, ఎవరికి పరీక్షలు, ఎవరింట్లో కోడలికి నెలలు నిండాయి, అన్నీ మైకులోనే. నేనెంచుకున్న అంశం దేవుని రాజ్యం అని చెబితే మావయ్య మైకులో, "మన తెనాలి బాబు దేవుని రాజ్యం సంగతి అంతా తేల్చేస్తాడంట" అని ప్రకటించాడు.

తేల్చేద్దామనే మొదలుపెట్టాను. రాత్రుళ్లు పనీపాటా లేదు కనక నెట్‌లో దొరికిందంతా చదివాను. "రాజ్యమంటే స్థలం కాదు, పరిపాలన. అది వచ్చింది, ఇంకా రావలసి ఉంది" అని వారాల తరబడి దంచాను. పెద్దాయనొకడు, చచ్చాక పైకెళ్లేదే రాజ్యం, మధ్యలో ఇదంతా ఏటని విసుక్కున్నాడు. ఒకమ్మాయి, కాదు, హృదయంలో ఉంటుందని యూట్యూబ్‌లో చెప్పారంది. నేనందరినీ సమాధానపరచి, ఆవగింజ, పుల్లటి పిండి, చేపల వల, ఒక్కొక్క ఉపమానమూ విప్పుకుంటూ పోతుంటే, వెనక బల్ల మీద ఉల్లిపాయలు తరుగుతున్న డేగిసా అత్త (స్టడీ అయ్యాక భోజనం ఉండేది) కత్తి పైకెత్తింది.

"బాబూ, నాకో డౌటు. ప్రభువు ఎక్కడ సూసినా రాజ్యమంటే విందంటాడు. పెల్లి విందంటాడు, పెద్ద విందంటాడు. వొండినోల్ల మాట ఒక్క దగ్గిర కూడా సెప్పలేదేటి?"

అందరూ నవ్వారు. "అది ఉపమానం అత్తా" అన్నాను, ఉపమానాల్లో వంట దానంతటదే అయిపోతుందన్నట్టు. "మరదే. ఉపమానమైతే ఉల్లిపాయలు తరగక్కర్లేదు" అని ఆవిడ మళ్లీ పనిలో పడింది.

ఇలా సాగుతుండగా ఒక సాయంత్రం అమ్మ ఫోన్లో, "ఇంట్లో దిగి ఏడాది కావస్తోంది కదరా, కృతజ్ఞత కూటం పెట్టుకో. మీ ఫ్రెండ్స్‌ని పిలిచి ఇంత భోజనం పెట్టు" అంది. (తెలియనివాళ్లకి చెబుతున్నాను. మాలో ఇల్లు మారినా, జబ్బు తగ్గినా, ఉద్యోగం నిలబడినా ఇంట్లో ప్రార్థన పెట్టించుకుని, వచ్చినవాళ్లకి అన్నం పెడతారు. కృతజ్ఞత కూటమంటే అది.) ఫ్రెండ్స్‌ని పిలవమంటే టీవీలోంచి ఎలా పిలవను? కాని ఆ మాట మనసులో నాటుకుపోయింది. నిజం చెప్పొద్దూ, ఆ ఏడాదిలో మా మెట్లెక్కి నా గదిలోకి వచ్చిన మనిషి లేడు. గ్యాసు కుర్రాడు కూడా సిలిండరు గేటు దగ్గరే వదిలేసేవాడు. ఒక్కసారి నా ఇంట్లో మనుషులు కూర్చుని తింటే చూడాలనిపించింది. ఆకలేసినట్టే, పొట్టలో తెలిసేది ఆ కోరిక.

ఆఫీసువాళ్లని పిలుద్దామనుకున్నాను. ఏ రోజు పెడితే అందరికీ వీలవుతుందని క్యాలెండరు తిరగేస్తే, దుర్గాపూజ సెలవులు కనిపించాయి. అష్టమి. ఆఫీసు లేదు, ఎవరికీ పని లేదు, ఊరంతా ఖాళీ. ఇంతకన్నా మంచి రోజు దొరుకుతుందా అనుకున్నాను. కోల్‌కతాలో అష్టమి మధ్యాహ్నం భోజనానికి రమ్మని పిలిచిన మొదటి మనిషినీ, చివరి మనిషినీ నేనే అయ్యుంటాను. (ఆ రోజు ఊరంతా పందిళ్లు చూడటానికి రోడ్డెక్కుతుందని నాకు తెలిస్తేగా!) ఆ ఊరివాళ్లు మర్యాదస్తులు. ఒక్కడూ "నీకేమైనా పిచ్చా" అనలేదు. మా టీమ్ లీడరు దాదా చిరునవ్వుతో "నిశ్చయ్, నిశ్చయ్" అన్నాడు. మిగతావాళ్లూ నిశ్చయంగానే తలూపారు. బెంగాలీలో నిశ్చయం వేరు, వచ్చేయడం వేరని నాకప్పటికి తెలీదు.

సంఘంవాళ్లని పిలవాలన్న ఊహ రాలేదు. ఏక్‌బాల్‌పూర్ ఊరికి ఆ కొస, కేష్టోపూర్ ఈ కొస. పండగ రద్దీలో ఎవరొస్తారు? అయితే ప్రార్థన చెయ్యమనడం ధర్మం కదా. ముందు ఆదివారం మావయ్యని పక్కకి పిలిచి, "అష్టమినాడు ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టుకుంటున్నాను మావయ్యా, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి" అన్నాను. "అలగలగే" అన్నాడాయన. ఎందుకో ఇంటి గుర్తులు కూడా అడిగాడు, చెప్పాను. బస్సు తప్పిపోతుందని ప్రకటనలు మొదలవకముందే బయటపడ్డాను. ఆ సంగతి గుర్తుంచుకోండి.

అష్టమి వచ్చింది. పొద్దున్నుంచి వీధి చివర దుర్గ పందిట్లో డప్పులు మోగుతున్నాయి. పందిరి వేసే కుర్రాళ్లని బతిమాలి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చుకున్నాను. గదిలో గోడ వారగా వేశాను, బాగాలేదని గుండ్రంగా వేశాను, గుండ్రంగా వేస్తే పంచాయితీలాగుందని మళ్లీ గోడకి వేశాను. కాగితం పళ్లాలు, గ్లాసులు పేర్చాను. చికెన్ బిర్యానీ తెప్పించాను. (ఈ ఊరి బిర్యానీలో బంగాళాదుంప వేస్తారు. మొదట్లో దుంప ఉందని ఏడ్చేవాణ్ణి, తర్వాత్తర్వాత చిన్న దుంప వచ్చిందని ఏడ్చే స్థితికి దిగాను.) కొత్త చీర కట్టుకుని పందిరికి బయల్దేరిన మాసీమా, మెట్ల మీదికి మోస్తున్న బిర్యానీ వాసన పట్టి ఆగిపోయింది. "ఆజ్ అష్టమి! నిరామిష్!" అంది. ఇవాళ వాళ్లంతా శాకాహారమే తింటారట. పిల్లాడు చెడిపోయాడని కాదు, పాపం ఎవరూ చెప్పేవాళ్లు లేరని జాలిపడినట్టు చూసి, "గేట్ బొంధో కొరో" అని వెళ్లిపోయింది.

పన్నెండు కొట్టేసరికి ఫోన్లో సందేశాలు మొదలయ్యాయి. టీమ్ లీడరు దాదా రాజార్‌హాట్‌లో కొత్త ఫ్లాటు కొన్నాడు, ఇంట్లోవాళ్లంతా పండగపూట దాన్ని చూడాలంటున్నారు, క్షమించాలి. ఇంకొకడు కొత్త బైకు తీసుకున్నాడు, పందిళ్లన్నీ తిరిగి దాని సత్తా చూడాలి. మూడోవాడికి కొత్తగా పెళ్లయింది, వాడు ఏమీ రాయలేదు, గుండె బొమ్మ ఒకటి పంపాడు. ఇది నేను కల్పించి చెబుతున్నాననుకుంటారు. సువార్తలో పెద్ద విందు చేసినాయనకి కూడా పిలిచినవాళ్లు ఇవే సాకులు పంపారు, ఒకడు పొలం కొన్నానన్నాడు, ఒకడు ఎడ్లు కొన్నానన్నాడు, ఒకడు పెళ్లి చేసుకున్నానన్నాడు. నేను ఆ రోజు చెప్పడానికి సిద్ధం చేసుకున్న వాక్యం కూడా అదే! అంత విడ్డూరం జరుగుతున్నా నాకా క్షణంలో తట్టలేదు. వాక్యం నోటికొచ్చినవాడికి అది తన ఇంటికొచ్చి కూర్చుంటే ఆనవాలు పట్టే తీరిక ఉండదేమో.

కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. కింద ఊరంతా కొత్త బట్టల్లో నడుస్తోంది. అన్నదమ్ములు, ఆలుమగలు, చెయ్యి పట్టుకుని పిల్లలు. వచ్చినవాళ్లకి నా గది ఎలా కనిపించి ఉండేదో చూద్దామని మొదటి కుర్చీలో కూర్చున్నాను. ఫ్యాను కనిపించింది. రెండో కుర్చీలో కూర్చున్నాను. వంటింటి గడపా, బిర్యానీ గిన్నె మూతా కనిపించాయి. అలా ఒక్కొక్క కుర్చీలోనూ కూర్చుంటూ చివరిదాకా వచ్చాను. ప్రతి కుర్చీలోంచీ మిగతా కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అంత దిగులు మళ్లీ ఎన్నడూ ఎరగను. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్. చేతికందిన రిమోటు నొక్కాను. టీవీలో ఏదో పందిరి నుంచి పూజ ప్రత్యక్ష ప్రసారం, డప్పులు హోరెత్తిపోతున్నాయి. ఛానెల్ మార్చే లోపల అమ్మ లైన్లోకి వచ్చేసింది.

"వచ్చార్రా అందరూ?"

"ఆ, వచ్చారమ్మా."

"డప్పులు వాయిస్తున్నారేంట్రా?"

"ఆఫీసువాళ్లు కదమ్మా, హుషారుగా ఉన్నారు."

"సరేలే. నువ్వు కూడా తిను నాన్నా" అని అమ్మ పెట్టేసింది. టీవీ కట్టేశాను. కట్టేసినా డప్పుల చప్పుడు ఆగలేదు. రిమోటు పాడైందనుకుని మళ్లీ నొక్కాను. ఆగలేదు. అది వీధిలోంచి వస్తోంది, పందిరి వైపు నుంచి కాదు, గేటు వైపు నుంచి. డప్పు కూడా కాదు, డోలక్, దానికి తోడు గంజీర. దాని మీద తెలుగు పాట!

కిటికీలోంచి చూస్తే మా గేటు ముందు మాటడోర్ బండి ఆగి ఉంది. ఆ ఊళ్లో సామాన్లకీ, దేవతల ఊరేగింపుకీ కట్టే చిన్న లారీ అది. దాని నిండా మనుషులు. చీరలు, గళ్ల చొక్కాలు, చంటిపిల్లలు, నడిమధ్యన సింహాసనం మీదున్నట్టు డేగిసా. డ్రైవరు పక్కన మెరిసే నారింజరంగు మునిసిపాలిటీ జాకెట్టు తొడుక్కుని మైకు మావయ్య, ఒళ్లో మైకూ, చిన్న స్పీకరు పెట్టె. అప్పుడే పందిరి నుంచి తిరిగొచ్చిన మాసీమా గేటు పట్టుకుని, "భాషాన్ తో దశమీతే!" అని కేకలేస్తోంది. నిమజ్జనం దశమికి కదా, అష్టమినాడే ఎవరు మోసుకుపోతున్నారని ఆవిడ కంగారు. నేను మెట్లు రెండేసి దూకి కిందికెళ్లి, "మావాళ్లే మాసీమా, మావాళ్లే" అన్నాను. ఏడాదిలో ఆ ఇంట్లో నేను నిజంగా గొంతెత్తింది అదే మొదలు.

"ఏటి బాబూ అలగ సూస్తావు? అట్టుకో" అని డేగిసా అత్త చెవి ఒకటి నా చేతిలో పెట్టింది.

"మీరు... మీరెలా వచ్చారత్తా?"

"మావయ్య మైకులో సెప్పీసినాడు గదా, తెనాలి బాబింట్లో కూటమని. నువ్వేటి, పిలిసి మరిసిపోనావా?"

"నేను ప్రార్థన చెయ్యమన్నాను మావయ్యా..."

మావయ్యకి నా బాధ బొత్తిగా అర్థం కాలేదు. "మరి ప్రార్థన సెయ్యమన్నావు. ఇంటికి రాకుండా ప్రార్థనెలాగ సేస్తామయ్యా?" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. ఆ సంఘంలో కూటమున్నాదని మావయ్య చెవిన వేయడమే సంఘమంతటినీ భోజనానికి పిలవడం. వేరే పిలుపనేది ఉండదు. వాళ్ల తాతల నుంచి అంతే. అందులో ఎవరూ చదివి నేర్చుకునేది ఏమీ లేదు కనక నా చెవిదాకా రాలేదు.

అష్టమినాడు పగలు ఆ బండ్లని రోడ్ల మీదికి రానివ్వరే, ఎలా వచ్చారని అడిగాను. "జాకెట్టేసుకున్నాను" అన్నాడు మావయ్య, దాని గుండీ తడుముకుంటూ. "పోలీసాయన సూసినాడు. పందిళ్ల కాడ సెత్త ఎత్తడానికి ఎల్తన్నామనుకున్నాడు గావాల, తాడు తీసీసినాడు. ఆడేటీ అడగలేదు. నానేటీ సెప్పలేదు." (మావయ్య జన్మలో అబద్ధమాడి ఎరగడు. జాకెట్టు సంగతి నాకు తెలీదు.)

గది నిండిపోయింది. కుర్చీలు చాలక మంచం మీద, కిటికీ గట్టు మీద, వంటింట్లో, మెట్ల మీద కూర్చున్నారు. అత్త నా బిర్యానీ గిన్నె మూత తీసి చూసి, "పెల్లికాని పిల్లడు తెప్పించిన కూడు ఎలగుంటాదో తెలిసే నాను కూడా వొండి తెచ్చీసినాను" అని డేగిసా మూత తీసింది. కోడికూర ఘాటు గదంతా కమ్ముకుంది. గోడలకి ఏడాదిగా పట్టిన మేగీ వాసన ఆ రోజుతో వదిలింది. పాట మొదలయ్యేసరికి మెట్ల మీద మాసీమా కనిపించింది. గోల తగ్గించమనడానికే వచ్చిందని హడలిపోయాను. ఆవిడ చేతిలో పళ్లెం నిండా వేడివేడి లూచీలు, అంటే మైదా పూరీలు, ఉన్నాయి. ఇంట్లో తన కోసం చేసుకున్నవట, ఎవరికైనా చాలకపోతే తినమంది. నేను అలవాటు కొద్దీ, "గేట్ వేసి వస్తాను మాసీమా" అని లేచాను. ఆవిడ నా కుర్చీలో కూర్చుని, "థాక్, ఖోలా థాక్" అంది. ఉండనీ, తెరిచే ఉండనీ అని. ఆ మాట ఆవిడ నోట నేను మళ్లీ వినలేదు. అయినా ఒక్కసారి విన్నాను కదా.

"ఇప్పుడు మన తెనాలి బాబు దేవుని రాజ్యం కోసం రెండు మాటలు సెప్తాడు" అని మావయ్య మైకు నాకిచ్చాడు. (ఇచ్చాడు! అది కూడా వింతే.) ల్యాప్‌టాప్ తెరిచాను. పెద్ద విందు కథ మొదలుపెట్టాను. పిలిచినవాళ్లు ఒక్కొక్కరే సాకులు చెప్పారు, పొలమన్నారు, ఎడ్లన్నారు, పెళ్లన్నారు అని చదువుతూ నెమ్మదించాను. అప్పుడు ఆ ఇంటాయన, వీధుల్లోకీ సందుల్లోకీ పోయి దొరికినవాళ్లందరినీ పట్టుకురమ్మన్నాడు, ఇంకా చోటుంటే బలవంతం చేసైనా లోపలికి తెమ్మన్నాడు అన్నచోటికి వచ్చేసరికి ఆగిపోయాను. అప్పటిదాకా ఆ కథలో ఇంటాయన నేనేననుకున్నాను. విందు నాది, ఇల్లు నాది, పిలుపు నాది. కాదు. నేను సందులో దొరికినవాణ్ణి. ఎక్కడికీ కాని బస్సులో ఎక్కడికో పోతుంటే చొక్కా పట్టుకుని దింపి తెచ్చుకున్నవాణ్ణి. నా విందు చాలా ముందుగానే మొదలైంది, ఉల్లిపాయలు కూడా ఎవరో తరిగేశారు. నేనే ల్యాప్‌టాపు చూసుకుంటూ గమనించలేదు. రాజ్యం ఎక్కడుంటుందో వారాల తరబడి చెప్పినవాడు, అది ఎదురుగా కిటికీ గట్టెక్కి కూర్చుంటే మైకు పట్టుకుని నిలబడ్డాడు. కళ్లనిండా నీళ్లు. తెర మీది అక్షరాలు నాకూ జిలేబీల్లాగే కనిపించాయి.

"సాల్లే బాబూ" అంది డేగిసా అత్త, గరిటె పట్టుకుని. "మిగతాది మాకు తెలుసు. కూర సల్లారిపోతంది." సంఘమంతా ఆమెన్ అంది.

తినడం మొదలైన కాసేపటికి అమ్మ మళ్లీ ఫోన్ చేసింది. నేను రిమోటు కోసం వెతకలేదు. పిల్లలు, గంజీర, మావయ్య మైకు (మళ్లీ ఆయన చేతికే పోయింది), "ఇంకొంచెం ఎయ్యి, ఎయ్యీ" అన్న అరుపులు, మధ్యలో మాసీమా బెంగాలీ, ఏమీ వినపడక ఒక చెవి మూసుకుని "హలో, హలో" అంటున్నాను. అటువైపు అమ్మ ఆ గోలంతా వింటోంది.

"ఏరా," అంది చివరికి, "ఇవాళ నిజంగానే ఎవరో వచ్చినట్టున్నారే!"

ఇదంతా జరిగి చాలా ఏళ్లయింది. కంపెనీ మారాను, ఊరు మారలేదు. ఏక్‌బాల్‌పూర్‌లో ఆ హాలు ఇప్పుడు ఎవరిదో గోడౌను. సంఘం చిన్నదైపోయి ఒకరింట్లో కూడుతోంది. మావయ్య మైకు ఆయనతోనే పోయింది. అత్త ఎక్కువగా పడుకునే ఉంటుంది, నేను వెళితే మాత్రం "తిన్నావా?" అని లేవబోతుంది. నాకు కారుంది. అయినా ఆదివారం అక్కడికి బస్సులోనే వెళతాను. ఎందుకో చెబితే నవ్వుతారు. కిటికీ పక్కన ఎవరైనా కుర్రాడు ఎక్కడికీ కానట్టు కూర్చుని ఉంటాడేమోనని చూస్తుంటాను. మొన్న ఒకడు కనిపించాడు. అచ్చం అప్పటి నాలాగే ఉన్నాడు, అదే చొక్కా, అదే బిక్కమొహం. పక్కన కూర్చుని, గొంతు సవరించుకుని, ఎంతో మర్యాదగా, "మీరు తెలుగువాళ్లా అండీ? ఎక్కడికి వెళుతున్నారు?" అన్నాను. వాడు నన్ను అనుమానంగా చూసి, అర్థం కానట్టు తలూపి, తర్వాతి స్టాపులో దిగిపోయాడు. దిగాక కూడా, వెంట రావడం లేదు కదా అని ఒకసారి వెనక్కి చూశాడు. నేను ఖాళీ సీటు పక్కన కూర్చుని ఏక్‌బాల్‌పూర్ దాకా నవ్వుకుంటూనే వెళ్లాను. వాడు తెలుగువాడో కాదో నాకింకా తెలీదు. అత్తకి చెబితే పడుకునే విసుక్కుంది, "అడిగినావేటి? సొక్కా అట్టుకోవాల గాని!"